నేను వెళ్లగానే మాటలు ఆగిపోతున్నాయి. మీకూ ఇలా జరిగిందా?

కొత్త సూపర్‌వైజరు:
మందుల కంపెనీలో ప్యాకింగ్ విభాగం నాది. 8 ఏళ్లు అదే లైనులో నిలబడి పనిచేసి, ఈ ఏప్రిల్‌లో సూపర్‌వైజరునయ్యాను. మొత్తం 14 మంది. నిన్నమొన్నటిదాకా ఒకరి క్యారేజీలో ఒకరం తిన్నవాళ్లమే. ఇప్పుడు నేను దగ్గరికి వెళ్తే మాట మార్చేస్తున్నారు. "తమ్ముడూ" అని పిలిచే పెద్దావిడ కూడా "సార్" అంటోంది. పోయిన వారం కొన్ని డబ్బాల మీద బ్యాచ్ నంబరు సగమే పడింది. ముగ్గురు ముందే చూశారట, ఒక్కరూ చెప్పలేదు. ఎందుకని అడిగితే "మీరు తొందరలో ఉన్నారు కదా సార్" అన్నారు. నేను అరిచే మనిషిని కాను. మరి నాలో నాకు కనబడనిది ఏముంది? సలహాలు వద్దు, మీకు జరిగినవి చెప్పండి.

వార్డు సిస్టర్:
నేను 11 ఏళ్లు వార్డు ఇన్‌ఛార్జిగా చేశాను. నాకూ అరిచే అలవాటు లేదు. ఉద్యోగం మారి వెళ్లిపోతున్న ఒక జూనియర్, వీడ్కోలు రోజున నవ్వుతూ చెప్పింది: "మేడం, పొద్దున మీరు తాళాల గుత్తి టేబుల్ మీద పెట్టే చప్పుడు విని, ఆ రోజు మిమ్మల్ని ఏమైనా అడగవచ్చో లేదో నిర్ణయించుకునేవాళ్లం." మెల్లగా పెడితే వెంటనే వచ్చి అడిగేవారట. ఠప్పుమని పడితే మధ్యాహ్నందాకా ఆగేవారట. రోగి సంగతి మధ్యాహ్నందాకా ఆగడమంటే ఏమిటో తలుచుకుంటే ఇప్పటికీ గుండె గుభేలుమంటుంది. ఆ చప్పుడు నాకు ఒక్కరోజూ వినబడలేదు. అది కిక్కిరిసిన బస్సులో గంటసేపు నిలబడి వచ్చిన చిరాకు, వాళ్ల మీద కోపం కాదు. కానీ ఆ సంగతి వాళ్లకెలా తెలుస్తుంది? ఆ రోజు నుంచి గుత్తిని తలుపు పక్క మేకుకు తగిలించి లోపలికి వెళ్లేదాన్ని. బహుశా వాళ్లు నా చెప్పుల చప్పుడు వినడం మొదలుపెట్టి ఉంటారు.

మొండిఘటం:
ఇదంతా మరీ సుకుమారం. నేను మేస్త్రీని, 22 మందితో స్లాబులు వేయిస్తాను. కాంక్రీటు పోస్తూ పోస్తూ "నా స్వభావం ఎలా ఉంది నాయనా" అని అడుగుతూ కూర్చుంటే మాలు గట్టిపడుతుంది. నాయకుడంటే కాస్త జంకు ఉండాలి.

రెండో లీడరు:
జంకు సంగతి నాకు తెలుసు అన్నగారూ. మా పొదుపు సంఘంలో 12 మందిమి, అప్పట్లో నేను ఒకటో లీడరును. "అందరం కలిసే నిర్ణయిస్తాం" అని గ్రామ సంఘంలో గొప్పగా చెప్పుకునేదాన్ని. ఒకసారి బ్యాంకు అప్పు పని మీద తీర్మానాల పుస్తకం మొదటి నుంచీ తిరగేశాను. ప్రతి పేజీలోనూ ప్రతిపాదించినది నేనే, బలపరిచినది మా తోడికోడలే. మిగతా పదిమందివీ కింద సంతకాలు, రెండు వేలిముద్రలు. రాసిందీ నేనే కాబట్టి ఎవరి మీదా నెట్టడానికి లేదు. పదవి మారాక రెండో లీడరుగా కూర్చుని చూస్తే, ఆ వేలిముద్రల్లో ఒకావిడకు వడ్డీ లెక్క మా అందరికన్నా బాగా వచ్చు!

పాత హెడ్మాస్టర్:
మా బడిలో ఉపాధ్యాయుల సమావేశంలో నేను చేసిన పని చెబుతాను. ఒక కాగితం మీద అందరి పేర్లూ రాసుకుని, ఎవరు మాట్లాడితే వారికి ఒక గీత. 40 నిమిషాల్లో నాకు 27 గీతలు, తెలుగు మాస్టారుకి 4, తొమ్మిది మందికి సున్నా. సమావేశం చాలా బాగా జరిగిందని నేను అనుకున్న రోజది.

చదువుకున్నవాళ్లు దీన్ని జోహారీ కిటికీ అంటారు. జోసెఫ్ లుఫ్ట్, హారింగ్టన్ ఇంగామ్ అనే ఇద్దరు అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1955లో చెప్పింది. జో, హారీ అనే ముద్దుపేర్లు కలిపితే జోహారీ. నాలుగు గళ్లలో ఒకటి, ఎదుటివారికి తెలిసి మనకు తెలియనిది. కళ్లు మూసుకుని ఎంత ఆలోచించినా ఆ గడి తెరుచుకోదు, ఎవరో ఒకరు చెప్పాల్సిందే. అయితే "నాలో లోపమేమిటి" అని అడిగితే మాత్రం "అబ్బే, ఏమీ లేదు సార్" అనే జవాబొస్తుంది. "నిన్న ఏ మాట దగ్గర తొందరపడ్డాను?" అని అడిగి చూడండి.

గోదావరి గట్టు:
శ్రీహరికోట సంగతి గుర్తొచ్చింది. 1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ విఫలమైనప్పుడు అప్పటి ఇస్రో అధిపతి సతీష్ ధావన్ తానే విలేకరుల ముందుకు వెళ్లారు, 1980 జూలై 18న విజయం సాధించినప్పుడు ఆ ప్రాజెక్టు నడిపిన అబ్దుల్ కలాంను పంపారు.

పాత హెడ్మాస్టర్:
ఆ కథ వాట్సాప్‌లో వారానికోసారి వస్తుంది. అందులో జనం దాటేసే ముక్క నాకు ఎక్కువ ఇష్టం. విఫలమైన ఆ మొదటి ప్రయోగం ఆపమని కంప్యూటర్ సూచించినా, నిపుణులతో మాట్లాడి ముందుకు వెళ్లమన్నది తానేనని కలాం స్వయంగా సభల్లో చెప్పేవారు. దేశమంతా చప్పట్లు కొడుతున్న మనిషి ఆ మాట దాచుకుంటే అడిగేవారెవరు?

మొండిఘటం:
రాత్రి నిద్రపట్టక మళ్లీ వచ్చాను. రెండేళ్ల క్రితం సెంట్రింగు కర్ర ఒకటి పక్కకు జరిగింది. చూసిన కుర్రాడు ఐదడుగుల దూరంలో ఉన్న నాతో చెప్పకుండా, ఊళ్లో ఉన్న మా తమ్ముడికి ఫోను చేశాడు. తమ్ముడు నాకు ఫోను చేశాడు. అప్పుడు ఆ కుర్రాణ్ణి తిట్టాను. అంతే, ఇంకేమీ అడగకండి.

కొత్త సూపర్‌వైజరు:
హెడ్మాస్టర్ గారు చెప్పినట్టే పెద్దావిడను అడిగాను. కాసేపు గ్లవుజులు సర్దుకుని, "మేం చెబుతుంటే మీరు మెషిను మీద అంకెలు చూస్తుంటారు సార్" అంది. నిజమే, ఆ కౌంటరే రోజంతా నా కళ్లలో తిరుగుతుంది. ఇప్పుడు మెషినుకు వీపు పెట్టి నిలబడి వింటున్నాను. నిన్న ఒక అబ్బాయి రేకు పక్కకు జరుగుతోందని తానే వచ్చి చెప్పాడు. ఇద్దరు మాత్రం ఇంకా పెదవి విప్పడం లేదు.

వార్డు సిస్టర్:
ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీకొచ్చిన ఈ పదవి కోసం ఆ ఇద్దరిలో ఎవరైనా ఎదురుచూశారా?

కొత్త సూపర్‌వైజరు:
చూశారు. నాకు పని నేర్పినాయనే. మొదటి రోజు ఆ వాక్యం కూడా రాశాను. పంపే ముందు తీసేశాను.