డ్రంక్ అండ్ డ్రైవ్‌లో దొరికాను, లాయర్‌ని పెట్టుకోవాలా, ఫైన్ కట్టేస్తే సరిపోతుందా?

రాత్రిబండి:
మొన్న శనివారం ఫ్రెండ్‌కి పెళ్లి కుదిరిందని కూర్చున్నాం, రెండు పెగ్గులేగా అనుకుని బైక్ తీశాను. చెకింగ్‌లో ఆపి ఊదమన్నారు. 68 వచ్చింది. మెషిన్‌లోంచి వచ్చిన స్లిప్ మీద సంతకం పెట్టించుకుని ఒక కాపీ నాకిచ్చారు, బండీ లైసెన్సూ వాళ్ల దగ్గరే పెట్టుకున్నారు. మర్నాడు తమ్ముడు వెళ్లి బండి తెచ్చాడు. ఫైన్ ఇక్కడే కట్టేస్తాను సార్ అంటే ఎస్సై నవ్వి "ఇది చలానా కేసు కాదు బాబూ, కోర్టుకి రావాలి" అన్నాడు. ఒక ఫ్రెండేమో ఒప్పేసుకుని ఫైన్ కట్టి వచ్చెయ్ అంటున్నాడు, ఇంకొకడు ఒప్పుకుంటే ఉద్యోగానికే ఎసరు అంటున్నాడు. నిజంగా జైలు పడుతుందా? నాన్నకి ఇంకా చెప్పలేదు, టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

పాతకాపు:
తమ్ముడూ, 2021లో నేనూ ఈ పని చేసినవాడినే. లాయర్ ఎందుకులే అని ఒక్కణ్నే పోయాను. గేటు దగ్గర ఒకడు తగులుకుని "మూడు వేలివ్వండి, లోపల మాట్లాడి రీడింగ్ తగ్గించేస్తా" అన్నాడు. ఇచ్చాను. టీ తాగొస్తా అని వెళ్లాడు, ఇప్పటికీ తాగుతూనే ఉన్నాడు. తర్వాత ఒప్పుకున్నాను, పది వేలు ఫైన్ వేసి, కోర్టు లేచేదాకా అక్కడే కూర్చోమన్నారు. వరండాలో బల్ల మీద సాయంత్రం దాకా కూర్చున్నా, తెలిసినవాళ్లు ఎవరైనా కనపడతారేమోనని తల ఎత్తలేదు. ఆ గేటు దగ్గర బ్యాచ్‌ని మాత్రం నమ్మకు.

నల్లకోటు:
నేను మేజిస్ట్రేట్ కోర్టులో ప్రాక్టీస్ చేస్తాను, తెలిసింది చెప్తా. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరం, మీది దానికి రెట్టింపు దాటింది. మొదటిసారైతే ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 ఫైన్, లేదా రెండూ. 2019 సవరణకి ముందు ఇదే ఫైన్ 2,000 లోపే ఉండేది, అందుకే పాతవాళ్లు చెప్పే లెక్కలు ఇప్పుడు పనికిరావు. ఎస్సై చెప్పింది కరెక్టే, రోడ్డు మీద డబ్బు కట్టి రాజీ చేసుకునే నేరాల లిస్టులో 185 లేదు. కాకపోతే ఇది బెయిలబుల్, అంటే బెయిల్ మీ హక్కు, కాబట్టి కేసు తేలకముందే లోపలేస్తారన్న భయం పెట్టుకోకండి. అసలు ప్రమాదం వాయిదాకి పోకపోవడంలో ఉంది. సమన్లు వచ్చాక ఎగ్గొడితే వారెంట్ వస్తుంది, చిన్న కేసు అక్కడే పెద్దదవుతుంది.

ఒప్పుకోవడం గురించి. ఒప్పుకుంటే అది శిక్ష పడిన కేసే. రేపు ఏదైనా ఫారంలో "మీకెప్పుడైనా శిక్ష పడిందా" అని అడిగితే అవునని రాయాలి. మళ్లీ దొరికితే రెండో నేరం కింద రెండేళ్ల దాకా జైలు, లేదా 15,000 ఫైన్, లేదా రెండూ. లైసెన్స్ సంగతి వేరే, దాన్ని సస్పెన్షన్ కోసం ఆర్టీఓకి పంపుతారు. అందుకే ఒప్పుకునే ముందు ఒక్కసారైనా లాయర్‌కి కాగితాలు చూపించండి. కేసు మాయం చేస్తాడని కాదు. మెషిన్ స్లిప్, పేరు, టైము, సాక్షులు సరిగ్గా ఉన్నాయో లేదో మీకంటే అతనికి తెలుస్తుంది. మౌత్‌వాష్ వాడిన వెంటనే ఊదినా రీడింగ్ తప్పుగా వచ్చే అవకాశం ఉంది, కానీ రెండు పెగ్గులు వేసి ఆ కథ చెప్పొద్దు.

లాయర్‌ని వెతికేటప్పుడు ఇలాంటి కేసుల్లో ఎప్పుడైనా పోలీసు సాక్షిని క్రాస్ చేశారా, అంటే కోర్టులో ఎదురు ప్రశ్నలు వేశారా అని అడగండి. ఫీజులో ఎన్ని వాయిదాలు వస్తాయో ముందే తేల్చుకోండి. "గ్యారంటీగా కొట్టేయిస్తా, గెలిస్తేనే డబ్బు" అన్నవాడి దగ్గర్నుంచి లేచి వచ్చేయండి, బార్ కౌన్సిల్ రూల్స్ ప్రకారం అలా ఫీజు మాట్లాడుకోకూడదు. డబ్బు లేనివాళ్లకి న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు, అర్హత ఉందో లేదో 15100కి ఫోన్ చేస్తే చెప్తారు.

ఎడమపక్క:
అందరూ సలహాలిస్తున్నారు గానీ నేను తిడతాను. బండి కింద ఎవరైనా పడి చనిపోయుంటే ఈ పోస్ట్ వేరేలా ఉండేది. అప్పుడు 185తో ఆగదు, భారతీయ న్యాయ సంహిత 106 (నిర్లక్ష్యంతో ప్రాణం తీయడం) కింద అయిదేళ్ల దాకా జైలు, తాగి ఉన్నావు కాబట్టి 105 (హత్య కిందికి రాని ప్రాణహరణం) కూడా పెట్టొచ్చు. ఆటో ఎక్కి ఉంటే ఎంతయ్యేది బ్రో?

రాత్రిబండి:
తిట్టండి అన్నా, తప్పే. నల్లకోటు గారూ, ఇప్పుడే స్లిప్ తీసి చూశాను. దాని మీద టైము 11:52 అని ఉంది, నన్ను ఆపింది మాత్రం పన్నెండున్నర దాటాక. ఆ పన్నెండున్నరకే తమ్ముడికి కాల్ చేసి బయల్దేరుతున్నా అని చెప్పాను, ఫోన్‌లో ఉంది. ఇది ఏమైనా పనికొస్తుందా?

నల్లకోటు:
పనికొస్తుందో లేదో ఫైలు మొత్తం చూస్తేనే తెలుస్తుంది, మెషిన్‌లో గడియారం తప్పుగా పెట్టి ఉండొచ్చు కూడా. ముందు ఆ స్లిప్‌కి ఫొటో తీసి, జిరాక్స్ చేయించి పెట్టుకోండి. అది వేడితో ముద్రించే కాగితం, కొన్ని నెలల్లో అక్షరాలు వెలిసిపోతాయి. కాల్ లిస్టు స్క్రీన్‌షాట్ కూడా ఈరోజే తీసుకోండి.

రాత్రిబండి:
తీశాను. జిరాక్స్‌కి తమ్ముణ్ని పంపుతున్నా, నాన్నకి కూడా ఈ రాత్రే చెప్పేస్తాను.