టమాటాలో ఎర్రనల్లి: యాపిల్, టీ తోటల్లో పాటించే పద్ధతులు మనకు పనికివస్తాయా?

పలమనేరు టమాటా రైతు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. పలమనేరు దగ్గర మాకు ఎకరన్నర టమాటా ఉంది. నాటి 55 రోజులైంది, కట్టెలు పాతి దారం కట్టాము, ఈ వారంలోనే మొదటి కోత మొదలు కావాలి. పదిహేను రోజుల క్రితం అడుగు ఆకుల మీద సూదితో పొడిచినట్లు సన్నని పసుపు చుక్కలు కనిపించగా, జింకు లోపమనుకుని సూక్ష్మపోషకాలు పిచికారీ చేశాను. అంతకుముందే తెల్లదోమకని ఇమిడాక్లోప్రిడ్ రెండుసార్లు, కాయతొలిచే పురుగుకని పైరిత్రాయిడ్ మందు ఒకసారి కొట్టి ఉన్నాను. ఇప్పుడు క్వారీ ట్రాక్టర్లు తిరిగే మట్టిదారి పక్క సాళ్లలో ఆకులు రాగిరంగుకు తిరిగి, కొసల్లో సాలెగూడులాగా అల్లుకుంది. ఆకు తిప్పి చూస్తే పిండి చల్లినట్లు తెల్లగా ఉంది, ఆ పిండిలో ఎర్రని చుక్కలు కదులుతున్నాయి. మందుల దుకాణంలో అడిగితే అదే పైరిత్రాయిడ్ మోతాదు పెంచి, దానిలో ఇంకొకటి కలిపి కొట్టమన్నారు. యాపిల్, టీ తోటల్లో నల్లిని తినే నల్లిని కాపాడుకుని, మందులు తగ్గించి సాగు చేస్తారని చదివాను. మన టమాటాలో అది సాధ్యమేనా, లేక ఇప్పటికే చేయి దాటిపోయిందా? అనుభవమున్నవారు చెప్పగలరు.

చిత్తూరు నుండి, నీలగిరి టీ తోటల్లో పనిచేసిన విశ్రాంత ఫీల్డ్ ఆఫీసర్:

తమ్ముడూ, ముందుగా ఆ పైరిత్రాయిడ్ డబ్బాను పక్కన పెట్టండి. నల్లి పురుగు జాతిది కాదు, సాలెపురుగు వర్గానికి చెందిన ఎనిమిది కాళ్ల జీవి. మామూలు పురుగుమందులు చాలావరకు దాన్ని చంపలేవు గానీ, దాన్ని తిని బతికే మిత్రపురుగులను మాత్రం తుడిచిపెట్టేస్తాయి. ఇమిడాక్లోప్రిడ్ వాడిన తరువాత నల్లి పెరిగిపోవడాన్ని కూడా పలు పంటల్లో గమనించారు. కాబట్టి మీ తోటలో జరిగినది మీ దురదృష్టం కాదు, కొట్టిన మందుల వరుసకు వచ్చిన ఫలితమని నేను గట్టిగా అనుకుంటున్నాను.

టీలో వచ్చే ఎర్రనల్లి వేరే జాతి. మీ నల్లి ఆకు అడుగున గూడు కడితే, అది ముదురు ఆకు పైభాగాన ఈనెల వెంబడి చేరి రసం పీలుస్తుంది. అయితే రెండింటికీ ఇష్టమైనవి ఒకటే: ఎండ, పొడి గాలి, దుమ్ము. మా తోటల్లో ప్రతి వేసవిలోనూ మొదట ఎర్రబడేవి దారి పక్క పొదలు, సిల్వర్ ఓక్ నీడ లేని చోట్లు. అందుకే మేము తోట మొత్తానికి మందు కొట్టేవాళ్లం కాదు. ఎర్రబడిన చోటును గుర్తించి, దాని చుట్టూ నాలుగు వరుసలు కలుపుకుని అంతవరకే కొట్టించేవాళ్లం. ఆకు కోసేవారి బట్టలకు, బుట్టలకు అంటుకుని నల్లి ఒక చోటి నుండి మరొక చోటికి చేరుతుంది కనుక, నల్లి ఉన్న భాగంలోకి కూలీలను రోజు చివరన పంపేవాళ్లం. మీరు కూడా కోతను మంచి సాళ్లలో మొదలుపెట్టి, దారి పక్క సాళ్లతో ముగించండి. ట్రాక్టర్లు తిరిగే దారిని వీలైతే ఉదయం నీటితో తడపండి.

తిరుపతి నుండి, వ్యవసాయ కళాశాల పూర్వ విద్యార్థిని:

పెద్దాయన చెప్పిన దానికి యాపిల్ వైపు నుండి కొంత చేరుస్తాను. నేను హిమాచల్ ప్రదేశ్‌లోని సోలన్ దగ్గర నౌణీ ఉద్యాన విశ్వవిద్యాలయంలో పై చదువు చదివి, కుల్లూ వైపు యాపిల్ తోటల్లో కొంతకాలం తిరిగాను. అక్కడి యూరోపియన్ ఎర్రనల్లి చలికాలాన్ని గుడ్డు రూపంలో కొమ్మల ముడుతల్లో గడుపుతుంది. భూతద్దంలో చూస్తే ఆ గుడ్లు చిన్న ఎర్ర ఉల్లిపాయలలాగా, పైన ఒక సన్నని వెంట్రుకతో ఉంటాయి. మొగ్గ విచ్చుకుని పచ్చకొన బయటపడే వేళ 2 శాతం మినరల్ ఆయిల్ పిచికారీ చేస్తే, నూనె పొర కింద ఊపిరాడక ఆ గుడ్లు చనిపోతాయి. ఆకులు రాకముందే జరిగే పని కాబట్టి, వేసవిలో వచ్చే మిత్రజీవులకు పెద్దగా హాని ఉండదు.

యాపిల్ రైతులు ఈ వివేకానికి నష్టపోయిన తరువాతనే వచ్చారు. రెండవ ప్రపంచయుద్ధం తరువాత డీడీటీ వంటి మందులు తోటల్లోకి వచ్చాక, అంతవరకు ఎవరూ పట్టించుకోని నల్లి ప్రధాన శత్రువైంది. 1960లలో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో స్టాన్లీ హోయిట్ అనే కీటక శాస్త్రవేత్త, పరభక్షక నల్లి, అంటే పంటను తినే నల్లిని తినే నల్లి, చావకుండా మందులను ఎంచుకునే పద్ధతిని యాపిల్ తోటల్లో నిలబెట్టారు. మీరు చదివినది బహుశా ఆ దారిలో వచ్చినదే.

టమాటాలో మాత్రం ఒక చిక్కు ఉంది. టమాటా కాండం మీద, ఆకుల మీద ఉండే జిగురు నూగుకు పరభక్షక నల్లులు అంటుకుపోయి సరిగా తిరగలేవు. బయటినుండి కొని తెచ్చి వదలడం కంటే, ఉన్నవాటిని బతకనివ్వడమే మనకు లాభం. తెల్ల కాగితం మీద ఆకును తట్టి, పది రెట్ల భూతద్దంతో చూడండి. నెమ్మదిగా కదిలేవి పంటను తినేవి. మెరుస్తూ, కాగితం మీద వేగంగా పరుగెత్తే లేత రంగు నల్లులు మనవి. ఒక మిల్లీమీటరుకు కాస్త పైబడి ఉండే నల్లని చిన్న పెంకుపురుగులు, అంటే స్టెథోరస్ జాతివి, కనిపిస్తే అవీ మనవే.

దారి పక్క సాళ్లకు మాత్రం మందు తప్పదు. టమాటాలో నల్లికి సిఫారసు ఉన్న స్పైరోమెసిఫెన్ 22.9 ఎస్.సి. ఎకరాకు 250 మి.లీ. చొప్పున 200 లీటర్ల నీటిలో కలిపి, నాజిల్‌ను పైకి తిప్పి ఆకు అడుగు తడిసేలా కొట్టండి. ఇది గుడ్లను, పిల్లలను దెబ్బతీస్తుంది గానీ పెద్ద నల్లులు వెంటనే పడిపోవు. మూడో రోజు బతికి ఉన్నాయని కంగారుపడి మళ్లీ కొట్టడమే చాలామంది చేసే పొరపాటు. మన ఎండల్లో గుడ్డు నుండి పెద్ద నల్లి కావడానికి దాదాపు వారం పడుతుంది. అందుకని పదో రోజు మళ్లీ కాగితం పరీక్ష చేసి, అవసరమైతే అప్పుడు వేరే తరహా మందుకు మారండి. కొట్టిన తరువాత మూడు రోజులు ఆ సాళ్ల కాయ కోయవద్దు. ఎవరైనా పాత డైకోఫాల్ ఇస్తామంటే తీసుకోవద్దు, 2023లో దాన్ని నిషేధించారు.

వి.కోట చామంతి రైతు:

మేము చామంతిలో నీటిలో కరిగే గంధకం వాడుతుంటాము, ఖర్చు తక్కువ. కానీ ఎండ బాగా ముదిరిన రోజున కొడితే ఆకు మాడుతుంది, నూనె మందు కొట్టిన రెండు వారాలలోపు కొట్టినా మాడుతుంది. నాకు ఒకసారి పాతిక సాళ్లు అలాగే పోయాయి. గంధకం కొట్టాలంటే సాయంత్రం పొద్దు వాలిన తరువాతనే కొట్టండి.

పలమనేరు టమాటా రైతు:

అందరికీ కృతజ్ఞతలు. తిరుపతి మేడం గారు చెప్పినట్లు ఈ ఉదయం కాగితం మీద ఆకులు తట్టి చూశాను. దారి పక్క ఎనిమిది సాళ్లలో పరుగెత్తేది ఒక్కటీ లేదు, కాగితాన్ని వేలితో రుద్దితే ఎర్రని గీతలు పడ్డాయి. బావి వైపు సాళ్లలో మాత్రం ఆకుకు ఒకటి రెండు వేగంగా తిరిగేవి కనిపించాయి, ఒక ఆకు మీద నల్లని చిన్న పెంకుపురుగు కూడా ఉంది. ఆ వైపు ఏ మందూ కొట్టడం లేదు. దారి పక్క సాళ్ల అడుగు ఆకులు తుంచి సంచిలో వేసి కాల్చేశాము, స్పైరోమెసిఫెన్ రేపు సాయంత్రం ఆ ఎనిమిది సాళ్లకు, వాటి పక్క నాలుగింటికి కొడతాను. ఒక సందేహం మిగిలింది. తెల్లదోమ ఇంకా కొద్దిగా ఉంది. దానికి మళ్లీ ఇమిడాక్లోప్రిడ్ వాడకుండా ఏం చేయాలి?

తిరుపతి నుండి, వ్యవసాయ కళాశాల పూర్వ విద్యార్థిని:

మీరు కొట్టబోయే స్పైరోమెసిఫెన్ తెల్లదోమ పిల్లల మీద కూడా పనిచేస్తుంది కనుక, ఆ పన్నెండు సాళ్లకు వేరే మందు అక్కరలేదు. మిగిలిన తోటలో పసుపు జిగురు అట్టలు కట్టి, వారం తరువాత దోమ ఏ మేరకు పడిందో ఇక్కడ తెలియజేయండి.