మీరాలం చెరువుకు జనం రావాలా, ముందు మురుగు ఆగాలా?

పట్నం_బాటసారి
హైదరాబాద్ జూకి వచ్చినోళ్లు పులిని చూసి ఇంటికి పోతరు. వెనకాలే మీరాలం చెరువుకు 21 కమాన్ల కట్ట ఉందని చానామందికి తెల్వదు. మొన్న పోయి చూసిన. ఒడ్డంతా గుర్రపుడెక్క, కవర్లు, కంపు. అయినా ఆ కమాన్ల వరుస ముందు కాళ్లు కదల్లే. నిజాం దివాన్ మీర్ ఆలం పేరు మీద 1806 నాటికి కట్టిన్రు. ఉస్మాన్‌సాగర్ రాకముందు పట్నం తాగింది ఈ నీళ్లే. జనం వస్తేనే ఇది బాగుపడుతది అంటా. 2016ల ఫ్లైఓవర్లకు కేబీఆర్ పార్కు చెట్లు కొడతమంటే అడ్డం నిలబడ్డది రోజూ అక్కడ నడిచేటోళ్లే కదా?

తాడ్‌బన్_గల్లీ
అన్నా, కేబీఆర్‌ల నడిచేటోళ్లెవరు, మేమెవరం? వాళ్లు ఒక్క ఫోన్ కొడితే పేపరోళ్లు ఉరికొస్తరు. ఈ చెరువు పక్కన మా దిక్కు దోమల మందు బండి రావాలన్నా పదిసార్లు అడగాలె. జనం వస్తే బాగుపడేదుంటే హుస్సేన్‌సాగర్ ఎప్పుడో బాగుపడాలె. 1992ల బుద్ధుని నిలబెట్టిన్రు. అప్పటిసంది రోజూ జాతరే, ఐస్‌క్రీమ్ తినుకుంట ముక్కు మూసుకుంటరు.

రిటైర్డ్_సివిల్
ముందు కట్ట సంగతి. ప్రతి కమాను వంపు నీటివైపుకు ఉబ్బి ఉంటుంది. నీటి తోపుడు ఆ వంపు వెంట రెండు పక్కల దిమ్మెల్లోకి దిగిపోతుంది. సున్నం, రాయితో కట్టిన గోడ రెండు వందల ఏళ్లు దాటినా నిలిచిందంటే ఆ లెక్క అలాంటిది. ఇలాంటి పాత కట్టడానికి మనుషులు రావడంవల్ల ముప్పేమీ లేదు. సందుల్లో వేళ్లు దించే రావి మొలకకే భయపడాలి.

నీళ్ల సంగతి వేరు. మురుగులోని నత్రజని, భాస్వరమే గుర్రపుడెక్కకు ఎరువు. యంత్రాలతో ఎంత లాగేసినా మురుగు తెచ్చే నాలా ఆగకపోతే మళ్లీ అల్లుకుంటుంది, దాని విత్తనాలు బురదలో ఏళ్ల తరబడి బతుకుతాయి. 2020 అక్టోబరు వానలకు చెరువు పొంగి జూ సఫారీలోకి నీళ్లు చేరాయి. పులులు ఫిర్యాదు రాయలేవు కాబట్టి సరిపోయింది! మురుగు ఆగకుండా జనాన్ని పిలవడమంటే వంట కాకుండా విస్తళ్లు వేయడమే.

పట్నం_బాటసారి
సార్, అడిగేటోడు లేకుంటే నాలా ఎవరు ఆపుతరు? మీరన్న వంట ఎన్నేండ్లసంది కాలే?

కృష్ణా_జిల్లా_వాడు
చెరువు మీద కేబుల్ బ్రిడ్జి అంటున్నారుగా అండీ. అది పడితే అన్నీ అవే వస్తాయి.

తాడ్‌బన్_గల్లీ
దుర్గం చెరువు మీద 2020లనే వచ్చింది. జనం లైట్లు చూస్తరు, సెల్ఫీ దిగుతరు. కింద నీళ్లెట్లున్నయో చూసినోడు ఎంతమంది?

బాటసారి అన్నా, నీ మాట సగం ఒప్పుకుంట. రోజూ నడిచేటోడు వేరు, ఒక్కపాలి వచ్చి ఫోటో దిగి పోయేటోడు వేరు. టికెట్టు పెట్టి బోట్లు తిప్పితే మా పిల్లలే గేటు బయట ఉంటరు. గట్టెంబడి నడిచే బాట, రాత్రికి దీపాలు, ఆడోళ్లకు బాత్రూంలు ఇయ్యమను, పైసలు తీసుకోకుండ. తెల్లారి నమాజ్ అయినంక మా పెద్దోళ్లందరు అక్కడనే ఉంటరు. నాలా గురించి దినాం అడిగే పని మాది.

రిటైర్డ్_సివిల్
ఆ షరతు మీదైతే నాకూ సమ్మతమే. ఒక్కటి తేల్చండి బాబూ. ఆ బాట ఉన్న గట్టు మీద వేస్తారా, ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు) లోపల మట్టి పోసి వేస్తారా? రెండోదైతే చెరువును పూడ్చడానికి మనమే సంతకం పెట్టినట్టు.