‘నైస్’ అంటే బాగుండటమేనా?

ప్రశ్న:
పదిహేనేళ్ళుగా అనువాదాలు చేస్తున్నాను. అయినా నిన్న ఒక చిన్న మాట దగ్గర బోల్తా పడ్డాను. పాత ఇంగ్లీషు వ్యాసాల పుస్తకంలో ‘ఎ నైస్ డిస్టింక్షన్’ అని వచ్చింది. ‘చక్కని తేడా’ అని రాసేసి ముందుకెళ్ళిపోయాను. ఎడిటర్ గారు దాని చుట్టూ ఎర్ర సున్నా చుట్టి, పక్కన ‘తేడా చక్కగా ఉండటమేమిటండీ?’ అని రాసి పంపారు. నిఘంటువు తీస్తే అందులో ‘తెలివితక్కువ’ అన్న అర్థం కూడా కనబడి ఉన్న మతి కాస్తా పోయింది. ఎవరైనా విప్పి చెబుతారా?

జవాబు:
ఎడిటర్ గారిదే రైటు. అక్కడ నైస్ అంటే సన్నని, పట్టిపట్టి చూస్తే తప్ప కనబడని. ‘సూక్ష్మభేదం’ అని రాసేయండి.

తెలివితక్కువ సంగతీ నిజమే. లాటిన్‌లో ‘నెస్కియుస్’ అంటే ఏమీ తెలియనివాడు. ‘నె’ అంటే కాదు, ‘స్కీరె’ అంటే తెలియడం. ‘సైన్స్’ పుట్టిందీ ఆ స్కీరె నుంచే! పాత ఫ్రెంచి మీదుగా 13వ శతాబ్దం చివరికల్లా ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు నైస్ అంటే తిట్టే. తర్వాత జంకేవాడు, ప్రతిదానికీ వంకలు పెట్టేవాడు, నాజూకు... అలా జారుతూ వచ్చి 1500ల్లో ‘సూక్ష్మమైన’ దగ్గరికి చేరింది. మీకు తగిలింది ఆ మెట్టు. ‘హాయిగా ఉంది’ అనే అర్థం 18వ శతాబ్దానిది.

ఇంకో జవాబు:
మెట్లు అంటే ఒకటి దిగి ఇంకోటి ఎక్కినట్టు అనుకోకండి. చాలాకాలం అన్ని అర్థాలూ ఒకే ఇంట్లో కాపురం చేశాయి. అందుకే పాత పుస్తకాల్లో ఈ మాట కనబడితే నాకు టెన్షన్. జేన్ ఆస్టిన్ ‘నార్తాంగర్ అబ్బే’లో కేథరిన్ ఒక నవలను నైస్ అని మెచ్చుకుంటే, హెన్రీ దాన్ని ‘నీటుగా ఉంది’ అనే అర్థంలో తీసుకుని, అది బైండింగును బట్టి ఉంటుందని ఆటపట్టిస్తాడు. ‘నార్తాంగర్ అబ్బే’ అచ్చయింది 1817 చివర్లో. ఈ మాటను అతిగా వాడుతున్నారన్న విసుగు అప్పటికే ఉందన్నమాట.

‘సిల్లీ’ది దీనికి ఎదురు దారి. పాత ఇంగ్లీషులో దాని మూలానికి అర్థం భాగ్యవంతుడు. అమాయకుడై, పాపం అనిపించుకుని, చివరికి తెలివితక్కువవాడిగా తేలాడు.

అడిగినవారు:
ఇద్దరికీ థాంక్సండీ. మీరు చెబుతుంటే మన ‘ముగ్ధ’ గుర్తొచ్చింది. అదీ మూఢుడూ మోహమూ ఒకే ధాతువు పిల్లలు. దిక్కుతోచని స్థితి నుంచి మొదలై అమాయకత్వం మీదుగా ‘ముగ్ధమనోహరం’ దాకా వచ్చింది. కాకపోతే మన ముగ్ధలో ఆ అమాయకత్వం ఇంకా మిగిలే ఉంది, నైస్‌లో పూర్తిగా ఆవిరైపోయింది.

సూక్ష్మభేదం అని దిద్దాను. పనిలో పనిగా ఫైలంతా వెతికితే ఇంకో ఆరు నైస్‌లు తేలాయి. ఒకచోట ఒక ముసలాయన ‘నైస్ అబౌట్ హిజ్ ఫుడ్’ అట. నేను ‘భోజనప్రియుడు’ అని రాసి ఊరుకున్నాను. కంచంలో ఏది పెట్టినా వంక పెట్టే మనిషిని!