తక్కువ ధర బోల్ట్ యాక్షన్ రైఫిల్‌ను గురి పోటీకి సిద్ధం చేయడం: ముందు దేనిమీద చెయ్యి వేయాలి?

తొలిగురి (ఆస్టిన్, టెక్సస్):

నమస్కారమండీ. గ్రీన్ కార్డు చేతికి వచ్చాక, నిరుడు దసరా రోజుల్లో, 6.5 క్రీడ్‌మూర్ అనే రకం తూటా వాడే ఒక తక్కువ ధర బోల్ట్ యాక్షన్ రైఫిల్ (ప్రతి తూటాకూ గడియలాంటి బోల్ట్‌ను చేత్తో లాగి మూసేది) కొన్నాను. బ్యారెల్ పొడవు 22 అంగుళాలు, స్టాక్ (బ్యారెల్‌ను, యాక్షన్‌ను మోసే ఒడి భాగం) ప్లాస్టిక్‌ది, దాని ముందు భాగానికి బైపాడ్ (రెండు కాళ్ల ఆధారం) తగిలించాను. వేట మీద నాకు ఆసక్తి లేదు. కాగితపు లక్ష్యం మీద నిలకడగా కొట్టడం నేర్చుకుని, వచ్చే ఏడాది 600 గజాల పోటీలో నిలబడాలన్నదే కోరిక.

100 గజాల దగ్గర మూడు తూటాల గ్రూపు (ఒకే గురితో కాల్చిన రంధ్రాలు ఎంత దూరం పరుచుకున్నాయన్న కొలత) ఒక్కోనాడు అంగుళం లోపే వస్తోంది, మరో వారం అదే పెట్టెలోని తూటాలతో రెండున్నర అంగుళాలకు పరుచుకుంటోంది. ఇసుక సంచి మీద ఆనించి కాల్చినప్పుడు కొంత మెరుగ్గా ఉంటోంది, బైపాడ్‌ను ముందుకు ఒత్తి కాల్చినప్పుడు తూటాలు పక్కలకు పోతున్నాయి. ట్రిగ్గర్ కూడా బరువుగా ఉంది. రేంజిలో (కాల్పులు సాధన చేసే చోట) ఒకాయన అల్యూమినియం ఛాసీ (స్టాక్‌కు బదులు వాడే లోహపు చట్రం) కొనమన్నారు, ఇంకొకాయన బ్యారెలే మార్చమన్నారు. ఆ రెండూ కలిపితే రైఫిల్ ఖరీదును మించిపోతాయి. నేను ఖర్చు పెట్టగలిగింది 300 డాలర్లు. దేనితో మొదలుపెట్టమంటారు?

పదివలయం (డాలస్):

ఇంకా ఏమీ కొనకండి. మీ రైఫిల్ నిజంగా ఎంత కొడుతోందో మీకు ఇప్పటికీ తెలియదు, ఎందుకంటే మూడు తూటాల గ్రూపు ఆ సంగతి చెప్పలేదు. గణితం ప్రకారం, మూడు తూటాలతో సగటున ఒక అంగుళం గ్రూపు ఇచ్చే రైఫిలే పది తూటాలు కాలిస్తే సగటున సుమారు 1.6 అంగుళాలకు పరుస్తుంది. కాబట్టి ఒకనాడు అంగుళం, మరునాడు రెండు అంగుళాలు రావడంలో కొంత భాగం రైఫిల్ లోపం కాదు, కాల్చిన తూటాల సంఖ్య తక్కువ కావడమే. పది తూటాల గ్రూపులు రెండు కాల్చి, కొలిచి, తేదీతో పుస్తకంలో రాసుకోండి. సన్నటి బ్యారెల్ వేడెక్కితే గురి జరుగుతుంది కనుక, ప్రతి రెండు మూడు తూటాలకు ఆగి, చేత్తో పట్టుకోగలిగేంత చల్లబడనివ్వండి.

ఆ తరువాత స్క్రూలు చూడండి. యాక్షన్‌ను (బోల్ట్ కదిలే లోహపు భాగం) స్టాక్‌కు బిగించే స్క్రూలు, స్కోపును పట్టుకునే రింగుల స్క్రూలు, ఆ రింగుల కింది బేసు స్క్రూలు, వీటిలో ఒక్కటి వదులైనా మీరు చెప్పిన లక్షణాలే కనిపిస్తాయి. చేతి అంచనాతో కాక, అంగుళం-పౌండ్లలో కొలిచే టార్క్ రెంచితో బిగించండి. మీ 300 డాలర్లలో మొదటి ఖర్చు అదే కావాలి. ఎంత బిగించాలన్నది రైఫిల్‌ను బట్టి మారుతుంది: రూగర్ అమెరికన్ అనే రైఫిల్‌కు 60 నుంచి 80 అంగుళం-పౌండ్లు అంటారు, కొన్ని ప్లాస్టిక్ స్టాకులకు అందులో సగమే తగినది. మీ మాన్యువల్‌లో ఉన్న అంకెనే పాటించండి. బిగించే ముందు రైఫిల్ మడమను (భుజానికి ఆనే వెనుక చివరను) నేలకు ఆనించి రైఫిల్‌ను నిటారుగా నిలబెట్టి, యాక్షన్‌ను వెనక్కి నొక్కి పట్టుకుంటే రికాయిల్ లగ్ (కాల్చినప్పటి తోపును స్టాక్‌కు అందించే లోహపు బొడిపె) తన చోట సరిగ్గా కూర్చుంటుంది.

మీ మాటల్లో నన్ను ఆపింది బైపాడ్ సంగతి. సన్నటి ప్లాస్టిక్ స్టాకు ముందు భాగం బరువు పడితే వంగి బ్యారెల్‌ను తాకుతుంది. అది ఒక తూటాకు తాకి మరొక తూటాకు తాకకపోతే, బ్యారెల్ అదురు ప్రతిసారీ మారుతుంది, గ్రూపు చెదురుతుంది. ఒక డాలర్ నోటును రెండు మడతలు వేసి బ్యారెల్‌కు, స్టాక్‌కు మధ్య జరిపి చూడండి. రైఫిల్ చేతిలో ఉన్నప్పుడు కాదు, ఛాంబర్ (తూటా కూర్చునే గది) ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, బైపాడ్ మీద నిలబెట్టి, మీరు కాల్చేటప్పుడు ఒత్తినంత బలంగానే ఒత్తుతూ చూడండి.

నేను అమెరికాకు రాకముందు హైదరాబాద్‌లో .22 రైఫిల్‌తో 50 మీటర్ల ప్రోన్ (బోర్లా పడుకుని కాల్చే పోటీ) కాల్చేవాడిని. అక్కడ లక్ష్యం నడుమ ఉండే, పది పాయింట్లు ఇచ్చే పది వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లే. అందుకే ఆ ఆట ఆడేవారు ఒకే కంపెనీ తూటాల్లోనే ఏ లాటు (ఒకేసారి తయారైన విడత) తమ రైఫిల్‌కు నప్పుతుందో పరీక్షించి, నప్పినదాన్ని పెట్టెలకొద్దీ కొనుక్కుంటారు. మీరూ మూడు నాలుగు రకాల మ్యాచ్ (పోటీ కోసం తయారుచేసిన) తూటాలు ఒక్కొక్క పెట్టె తెచ్చి కాల్చండి. తూటా మారిస్తే వచ్చే తేడా చాలాసార్లు ఛాసీ మారిస్తే వచ్చే తేడాను మించి ఉంటుంది. ఒకసారికి ఒక్కటే మార్చండి, లేకపోతే ఏది పనిచేసిందో మీకే తెలియకుండా పోతుంది.

బెంచిపని (ఒహాయో):

పై మాటలతో చాలావరకు ఏకీభవిస్తాను గానీ, స్టాకు విషయంలో ఒక అడుగు ముందుకు వేయవచ్చు. బ్యారెల్ తగిలే చోట, మొద్దు కర్రకు చుట్టిన ఇసుక కాగితంతో లోపలి గాడిని అరగదీసి, ముందు భాగపు బోలు గదుల్లో అల్యూమినియం కడ్డీలు పెట్టి ఎపాక్సీ పోస్తే వంపు చాలావరకు తగ్గుతుంది. నేను రెండు రైఫిళ్లకు ఇలా చేశాను, ఖర్చు 40 డాలర్లు దాటలేదు. కొన్ని ప్లాస్టిక్‌లకు ఎపాక్సీ సరిగా అంటదు కనుక, గరుకు కాగితంతో బాగా గీకి, లోపలి గోడలకు చిన్న రంధ్రాలు వేస్తే అది పట్టు దొరికించుకుంటుంది.

యాక్షన్ కింద ఎపాక్సీతో బెడ్డింగ్ చేయడం (యాక్షన్ కదలకుండా కూర్చునే అచ్చు పోయడం) మాత్రం తొందరపడి పెట్టుకోకండి. విడుదల పూత (ఎపాక్సీ అంటకుండా రాసేది) ఒక్క చోట రాయడం మరిచినా యాక్షన్ స్టాకుకు శాశ్వతంగా అతుక్కుంటుంది. అయినా చేయాలనుకుంటే, రికాయిల్ లగ్ వెనుక ముఖాన్ని మాత్రం వదిలి, ముందు, పక్కలు, అడుగు భాగాలకు టేపు అంటించండి. అప్పుడు లగ్ వెనుక వైపు మాత్రమే ఆనుతుంది, విప్పేటప్పుడు సులువుగా వస్తుంది.

ట్రిగ్గర్‌కు తయారీదారు ఇచ్చిన సర్దుబాటు స్క్రూ ఉంటే, వారు చెప్పిన పరిధిలోనే తగ్గించండి. స్ప్రింగు కోయడం, లోపలి అంచులు రాయడం వద్దు. సర్దిన తరువాత ఖాళీ రైఫిల్‌తో బోల్ట్‌ను గట్టిగా పదిసార్లు మూయండి, మడమను నేలకు వేసిన రబ్బరు చాపకు తట్టండి. ఒక్కసారి స్ట్రైకర్ (తూటాను పేల్చే సూది) దానంతట అది జారినా ఆ ట్రిగ్గర్ ప్రమాదకరం, వెంటనే మళ్లీ బరువు పెంచాలి.

బ్యారెల్ సంగతి: శావేజ్ కంపెనీ 110 నమూనా 1958 నుంచి బ్యారెల్ నట్టుతో (బ్యారెల్‌ను యాక్షన్‌కు బిగించే నట్టు) వస్తోంది. అలాంటి రైఫిల్ అయితే గో, నో-గో అనే కొలత గేజీలతో హెడ్‌స్పేస్ (మూసిన బోల్ట్‌కూ ఛాంబర్‌కూ మధ్య తూటా కూర్చునే జాగా) సరిచూసుకుని ఇంట్లోనే కొత్త బ్యారెల్ ఎక్కించవచ్చు. అయితే ఆ అవసరం మీకు ఇంకా రాలేదు.

గడపదాటి (న్యూజెర్సీ):

ఇది చదివే కొత్తవారికి ఒక విన్నపం. ప్రశ్న అడిగినవారికి గ్రీన్ కార్డు ఉంది. హెచ్-1బీ వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారికి, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు తప్ప, తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. స్నేహితుడి రైఫిల్‌ను రేంజిలో కాసేపు పట్టుకున్నా ఆ ప్రశ్న వస్తుంది. ముందుగా న్యాయవాదిని అడిగి తెలుసుకోండి.

తొలిగురి (ఆస్టిన్, టెక్సస్):

అందరికీ కృతజ్ఞతలు. మూడు వారాల్లో చేసినవి ఇవి. మొదట ఏమీ ముట్టుకోకుండా కాల్చిన పది తూటాల గ్రూపు 2.6 అంగుళాలు. ముందు యాక్షన్ స్క్రూ చేత్తో తిప్పగలిగేంత వదులుగా ఉంది, మాన్యువల్ ప్రకారం బిగించాక 2.1కి వచ్చింది. నోటు పరీక్షలో, రైఫిల్ చేతిలో ఉన్నప్పుడు నోటు చివరిదాకా సాఫీగా జరిగింది, బైపాడ్ మీద ఒత్తగానే ఎడమ వైపు ఇరుక్కుపోయింది. గాడి అరగదీసి, కడ్డీలు పెట్టి ఎపాక్సీ పోసి రెండు రోజులు ఆరనిచ్చాను. ఆ తరువాత నాలుగు రకాల తూటాలు కాల్చగా, 140 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు కొలత) మ్యాచ్ తూటా ఒకటి 1.3 అంగుళాలు ఇచ్చింది, ఒకటి మాత్రం రెండు అంగుళాల లోపుకు రానేలేదు. ట్రిగ్గర్‌ను మూడు పౌండ్లకు తగ్గించి, బెంచిపని గారు చెప్పిన పరీక్ష చేశాను, జారలేదు. ఇప్పటికి తూటాలు కాక ఖర్చు 120 డాలర్లు. మిగిలిన డబ్బును ఛాసీకి దాచుకోనా?

పదివలయం (డాలస్):

వద్దండీ, తూటాలకు పెట్టండి. 100 గజాల దగ్గర 1.3 అంగుళాలంటే 600 గజాల దగ్గర సుమారు 8 అంగుళాలు. అక్కడ వాడే ఎంఆర్-1 అనే కాగితపు లక్ష్యంలో పది వలయం వ్యాసం 12 అంగుళాలు కనుక, మీ రైఫిల్ ఇప్పటికే అందులో ఇముడుతుంది. కానీ గంటకు పది మైళ్ల పక్కగాలి ఆ దూరంలో మీ 140 గ్రెయిన్ల బుల్లెట్‌ను రెండు అడుగులకు పైగా నెడుతుంది. మీకు నప్పిన తూటా అదే లాటులో 200 కొని, గాలి ఉన్న రోజునే రేంజికి వెళ్లండి. జెండాలు ఎటు ఊగాయో, తూటా ఎక్కడ తగిలిందో పక్కపక్కనే రాసుకోండి. చెంప స్టాకు మీద ఆనినప్పుడు కన్ను స్కోపుకు సూటిగా రాకపోతే, ఒక స్పాంజి ముక్కను టేపుతో చుట్టి ఎత్తు పెంచండి. ఛాసీ ఇచ్చే సౌకర్యంలో ముఖ్యమైన భాగం దానితోనే వచ్చేస్తుంది.