ఒకే శబ్దం మూడు ట్రాకుల్లో వస్తోంది

లెక్కల మాస్టారు:
పదో తరగతి త్రికోణమితి పాఠాలను ఓబీఎస్‌లో (కంప్యూటర్ తెరను, శబ్దాన్ని రికార్డు చేసే సాఫ్ట్‌వేర్) రికార్డు చేసి ఎడిటింగుకు తెరిస్తే, వీడియో కింద మూడు ఆడియో ట్రాకులు కనిపిస్తున్నాయి. మూడింటి వేవ్‌ఫామూ (శబ్దం హెచ్చుతగ్గులను చూపే గీత) అచ్చు ఒకటే. అన్నీ కలిసి మోగితే నా గొంతు పగిలిపోతోంది. నా మాటను, కంప్యూటర్ శబ్దాన్ని విడివిడిగా ఉంచుకోవాలనే మూడు ట్రాకులు ఎంచుకున్నాను. ఇలా 14 పాఠాలు పూర్తయ్యాయి. వాటిని బాగుచేసే దారి ఉందా? ఫైలు సైజు పెరగడానికీ ఇదే కారణమా?

ముహూర్తం వీడియో:
మూడుతోనే బెంబేలెత్తితే ఎలాగండీ? ఒక పెళ్లిలో రెండు కెమెరాల మైకులు, పెళ్లికొడుకు కాలర్ మైకు, మిక్సర్ లైను అన్నింటినీ టైమ్‌లైన్‌పై తెరిచే ఉంచాను. మాంగల్యధారణ వేళ పురోహితుడి మంత్రం బావిలోంచి వచ్చినట్లుంది. పెళ్లికూతురి తండ్రి మిగతా డబ్బు ఇంతవరకు ఇవ్వలేదు. అప్పటినుంచి ఒక్కటి తప్ప అన్నీ మ్యూట్ చేస్తున్నాను.

శబ్దగ్రాహి:
ఈ రెండింటినీ ఒకే గాటన కట్టకండి. మాస్టారివి ఒకే శబ్దానికి నకళ్లు, మీవి వేర్వేరు దూరాల్లోని మైకులు. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది కనుక, మూడు మీటర్ల దూరంలోని కెమెరాకు మంత్రం దాదాపు 9 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. దగ్గరి మైకులోని మంత్రం, ఆలస్యంగా చేరిన ఈ మంత్రం కలిసినప్పుడు కొన్ని పౌనఃపున్యాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకోవడమే మీ బావి. ఆలస్యం లేని రెండు నకళ్లు కలిస్తే 6 డెసిబెల్స్ పెరుగుతుంది, అంటే శబ్దం రెట్టింపవుతుంది.

గోదావరి గట్టు:
రెట్టింపు కాదు. చెవికి రెట్టింపుగా అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి. 6 డెసిబెల్స్‌తో రెట్టింపయ్యేది కంపన పరిమితి, అంటే శబ్ద తరంగం ఎత్తు.

శబ్దగ్రాహి:
22 ఏళ్లుగా రికార్డింగు గదిలో కూర్చున్నవాడికి ఈ పాఠం అక్కర్లేదు. ఎడిటింగులో మీటరు ఎర్రబడేది చెవిని అడిగి కాదు, కంపన పరిమితిని చూసి.

గోదావరి గట్టు:
మీ అనుభవాన్ని నేను ప్రశ్నించలేదు. ఏది రెట్టింపవుతుందో ముందే రాసి ఉంటే ఈ మాట వచ్చేదే కాదు.

అర్ధరాత్రి ఎడిటర్:
మాస్టారు అడిగిన ప్రశ్న ఎవరికీ గుర్తున్నట్లు లేదు. ఓబీఎస్‌లోని అడ్వాన్స్‌డ్ ఆడియో ప్రాపర్టీస్‌లో ప్రతి శబ్దానికీ ఆరు ట్రాకుల గళ్లలోనూ ముందే టిక్కులు ఉంటాయి. వాటిని ముట్టుకోకుండా రికార్డింగుకు మూడు ట్రాకులు ఎంచుకున్నారు కనుక ఒకే మిశ్రమం మూడుసార్లు పడింది. మైకుకు 1, 2, డెస్క్‌టాప్ ఆడియోకు 1, 3 మాత్రమే ఉంచండి. ఎడిటింగులో 2, 3 వాడేటప్పుడు 1ని మ్యూట్ చేయకపోతే కథ మళ్లీ మొదటికే వస్తుంది. హెడ్‌ఫోన్లు కూడా పెట్టుకోండి. లేకుంటే స్పీకరు శబ్దం మైకు ట్రాకులోకి దూరుతుంది. పాత పాఠాల్లో ఏదో ఒక ట్రాకు ఉంచుకుని మిగతా రెండూ తీసేయడమే మార్గం, ఎందుకంటే మూడింటిలోనూ ఉన్నది కలిసిపోయిన శబ్దమే.

ముహూర్తం వీడియో:
అందరూ బావి గురించి మాట్లాడారు, డబ్బు రాబట్టుకునే దారి మాత్రం ఒక్కరూ చెప్పలేదు.

లెక్కల మాస్టారు:
టిక్కులు తీసి ఐదు నిమిషాలు రికార్డు చేసి చూశాను. రెండో ట్రాకులో నా మాట, మూడోదానిలో నడుమ మోగిన వాట్సాప్ గంట మాత్రమే ఉన్నాయి, గంటను కత్తిరించేశాను. పాతవాటిలో 13 పాఠాలు ఒక్క ట్రాకుతో సరిపోయాయి. ఏడో పాఠంలో మాత్రం ‘సైన్ తీటా’ అన్న చోటే గంట మోగింది. దానిని ఆదివారం మళ్లీ చెబుతాను.