ఉజ్జీవం వచ్చిందని దేన్ని చూసి నమ్మాలి? ఆస్బరీ, సదరన్ బాప్టిస్టులు, మన సంఘాలు

పినాకిని:
అందరికీ వందనాలు. మా ఊళ్లో ఉపవాస కూటాలకు బయటి నుంచి వచ్చిన ప్రసంగీకుడు ఒకాయన తెర మీద ఆస్బరీ వీడియో వేసి చూపించారు. 2023 ఫిబ్రవరిలో అమెరికాలోని కెంటకీ రాష్ట్రం, విల్మోర్ అనే చిన్న ఊళ్లో ఆస్బరీ విశ్వవిద్యాలయం విద్యార్థులు మొదలుపెట్టిన ఆరాధన రెండు వారాలకు పైగా సాగింది కదా, అదే. "కడవరి వాన మొదలైంది" అన్నారాయన, అంటే అంత్యదినాల ఉజ్జీవం వచ్చేసిందని. చప్పట్లతో పందిరి మారుమోగిపోయింది.

అదే వారం డల్లాస్‌లో ఉండే మా చిన్నాన్న కొడుకు ఫోన్ చేశాడు. వాళ్లు వెళ్లే సదరన్ బాప్టిస్టు చర్చిలో (అమెరికాలో అతి పెద్ద ప్రొటెస్టెంటు శాఖ అదే) కాలేజీ వయసు పిల్లలు చాలామంది మానేశారట. పాస్టర్ల మీద వచ్చిన లైంగిక వేధింపుల కేసులు, వాటిని పెద్దలు దాచిన తీరు చూసి వాళ్ల మనసు విరిగిపోయిందన్నాడు.

ఇద్దరూ ఇవాంజెలికల్ సంఘాల గురించే చెబుతున్నారు. మరి ఉజ్జీవం, అంటే విశ్వాసం మళ్లీ ప్రాణం పోసుకుందని ఆశపడదగ్గ మార్పు, నిజంగా ఉందా? ఉందనేవాళ్లు దేన్ని చూసి ఉందంటున్నారు?

ఆలివ్ కొమ్మ:
ఉంది బ్రదర్. నేను కళ్లతో చూశాను. అప్పట్లో ఒహాయోలో ఎం.ఎస్. చేస్తున్నాను, ఫ్రెండ్స్‌తో కలిసి కారులో వెళ్లాను. ఊరి జనాభా దాదాపు ఆరు వేలు. ఆ రోజుల్లో మొత్తం యాభై వేల మందికి పైగా వచ్చి వెళ్లారని తర్వాత విశ్వవిద్యాలయం వాళ్లు అంచనా వేశారు. ఆ చలిలో పచ్చిక మీద గంటల తరబడి క్యూ. పాతికేళ్ల లోపు వాళ్లను ముందు పంపారు, ఇది కుర్రవాళ్ల మధ్య మొదలైంది కాబట్టి వాళ్లకే చోటు అని.

లోపల పాతకాలపు చెక్క కుర్చీలు. వేదిక మీద ఒక పియానో, గిటారు, అంతే. పాట సాహిత్యం చూపించే తెర లేదు, రంగు లైట్లు లేవు. పాడేవాళ్ల పేర్లు ఎవరూ ప్రకటించలేదు. ఒకమ్మాయి మైకు దగ్గరికి వచ్చి, తన రూమ్మేట్‌ని ఎన్నాళ్లుగానో ద్వేషిస్తున్నానని ఏడుస్తూ చెప్పి, మెట్లు దిగి నేరుగా ఆ అమ్మాయి దగ్గరికే వెళ్లింది. అది చూశాక ఆ చోటు వదిలి రాబుద్ధి కాలేదు.

ఇంకో సంగతి. ఫిబ్రవరి 8, బుధవారం చాపెల్‌లో (విద్యార్థుల ఆరాధన కూటంలో) రోమా 12 మీద మాట్లాడిన బోధకుడు, ఆ రోజు ప్రసంగం తేలిపోయిందని తన భార్యకు మెసేజ్ పెట్టాడు. అది అయ్యాక ఒక ఇరవై మంది పిల్లలు ఇంటికి పోకుండా అక్కడే కూర్చుండిపోయారు. మిగతాదంతా అక్కడి నుంచే. మనుషులు ప్లాన్ చేస్తే ఇలా జరుగుతుందా చెప్పండి.

బెరయ:
అక్కడి పిల్లల చిత్తశుద్ధిని నేను శంకించను. కానీ ఇదే ఆస్బరీలో ఇదే హాల్లో 1970 ఫిబ్రవరిలోనూ ఇలాగే జరిగింది. ప్రసంగానికి బదులు సాక్ష్యాలు చెప్పమంటే, రాత్రింబగళ్లు వారం పాటు సాగింది. విద్యార్థులు బృందాలుగా వేరే కాలేజీలకు వెళ్లి చెప్పారు. మంచిదే. మరి ఆ తర్వాత యాభై ఏళ్లలో అమెరికా ఇవాంజెలికల్ సంఘం ఎటు పోయింది? రాజకీయ పార్టీకి తోకగా మారింది. టీవీ బోధకుల కుంభకోణాలు చూసింది. సదరన్ బాప్టిస్టుల సభ్యత్వం 2006లో కోటి అరవై మూడు లక్షలు, ఇప్పుడు కోటి ముప్పై లక్షల లోపే.

మన దగ్గరా ఉజ్జీవ కూటాలకు లోటు లేదు. మూడు రాత్రులు మైదానం నిండుతుంది, నాలుగో రోజు పందిరి విప్పుతారు. కూటాలు పెట్టిన ఊళ్లో రెండు సంఘాల మధ్య స్థలం కేసు కోర్టులో అలాగే నడుస్తుంటుంది. "వారి ఫలములవలన మీరు వారిని తెలిసికొందురు" అని ప్రభువు చెప్పిన మాట పట్టుకుని అడుగుతున్నాను, ఫలం ఎక్కడ?

గుండ్లకమ్మ:
బెరయ గారి ప్రశ్న సరైనదే. నా జవాబు మాత్రం ఆస్బరీలో కంటే నాష్‌విల్‌లో ఉంది. పినాకిని బ్రదర్ కజిన్‌కి మనసు విరిచిన ఆ కథలోనే నాకు ఆశ కనిపిస్తోంది. కాస్త పెద్దదవుతుంది, ఓపిగ్గా చదవండి.

2019లో హ్యూస్టన్ క్రానికల్, శాన్ ఆంటోనియో ఎక్స్‌ప్రెస్ న్యూస్ పత్రికలు కలిసి ఒక పరిశోధన ప్రచురించాయి. ఇరవై ఏళ్లలో సదరన్ బాప్టిస్టు సంఘాల్లో దాదాపు 380 మంది పాస్టర్లు, సంఘ పరిచారకుల మీద ఆరోపణలు, 700 మందికి పైగా బాధితులు. కేంద్ర కార్యాలయం ఏళ్ల తరబడి చెప్పిన మాట ఒకటే: "మాది బిషప్పులున్న వ్యవస్థ కాదు, ప్రతి సంఘమూ స్వతంత్రం, కాబట్టి ఆరోపణలున్నవాళ్ల పేర్ల జాబితా పెట్టడం మావల్ల కాదు." క్రిస్టా బ్రౌన్ లాంటి బాధితులు అదే జాబితా కోసం ఎన్నో ఏళ్లు గుమ్మం తొక్కారు. వాళ్లను సంఘానికి శత్రువుల్లా చూశారు.

2021 జూన్‌లో నాష్‌విల్‌లో సదరన్ బాప్టిస్టుల వార్షిక మహాసభ. అక్కడ ఓటు ఉన్నది చిన్నచిన్న ఊళ్ల సంఘాలు పంపిన ప్రతినిధులకు. పేరుమోసిన బోధకులు కూడా అక్కడ ఒక్క ఓటుకే హక్కుదారులు. టెనెసీకి చెందిన ఒక పాస్టరు లేచి, కేంద్ర కార్యాలయాన్ని నడిపే కార్యనిర్వాహక సంఘం మీద బయటి సంస్థతో విచారణ జరపాలి, ఆ విచారణను నడిపించే బాధ్యత ఆ సంఘం చేతిలో ఉండకూడదు అని తీర్మానం పెట్టాడు. ప్రతినిధులు ఓటు కార్డులు పైకెత్తి దాన్ని గెలిపించారు. లాయర్లతో జరిపిన రహస్య ఉత్తరప్రత్యుత్తరాలు కూడా విచారణకు ఇవ్వాలన్నారు.

కార్యనిర్వాహక సంఘం పెద్దలు వెంటనే ఒప్పుకోలేదు. ఇన్సూరెన్సు పోతుందన్నారు, దావాలు పడతాయన్నారు, సంస్థ దివాలా తీస్తుందన్నారు. వారాల తరబడి మీటింగుల మీద మీటింగులు. చివరికి అక్టోబరు 5న 44–31 ఓట్లతో లొంగారు. కొందరు రాజీనామా చేశారు, ఆ సంఘం అధ్యక్షుడు సహా. 2022 మేలో దాదాపు 300 పేజీల నివేదిక బయటికి వచ్చింది. జాబితా పెట్టడం కుదరదన్న ఆఫీసులోనే, ఒక ఉద్యోగి ఏళ్లుగా అలాంటి జాబితా రహస్యంగా రాసుకుంటూ వచ్చిన సంగతి అందులో తేలింది. ఆ జాబితానూ ప్రచురించారు. ఆ మరుసటి నెలలోనే అనాహైమ్ మహాసభ బాధితులకు క్షమాపణ చెప్పింది.

డబ్బు పోతుందని తెలిసీ, పరువు పోతుందని తెలిసీ మామూలు విశ్వాసులు తమ ఇంటి తలుపులు తామే తెరిచారు. తీర్పు దేవుని ఇంటి దగ్గరే మొదలవుతుందని పేతురు పత్రికలో చదువుతాం. అది జరుగుతుండగా నేను చూసింది ఇక్కడే.

ఒంగోలు వాళ్లకు ఇందులో కొత్తేమీ ఉండకూడదు. 1876–78 కరవులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి, తిండి చూపించాడు. వాళ్లలో ఎంతోమంది మాదిగలు బాప్తిస్మం ఇమ్మని అడిగారు. పదిహేను నెలల పాటు ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారన్న మాట రాకూడదని. కరవు సాయం ఆగిపోయాక, ఇక ఇచ్చేదేమీ లేదని చెప్పాక కూడా జనం తిరిగి వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది. నీళ్లలో దిగి బాప్తిస్మం ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకుంటూ. అందరూ ఆ 2,222 అంకె చెబుతారు. నాకు ఆ పదిహేను నెలలే ఎక్కువ గొప్పగా తోస్తాయి. లెక్క పెరిగే అవకాశం చేతిలో ఉండి కూడా వద్దనుకున్నారు.

ఆస్బరీలోనూ నాకు నచ్చింది అలాంటిదే. ఫాక్స్ న్యూస్ వాళ్లు అక్కడి నుంచి కార్యక్రమం చేద్దామనుకుంటే రావద్దని కోరారు. పేరున్న బోధకులు వచ్చినా మైకు ఇవ్వలేదు. తర్వాత బహిరంగ ఆరాధనను వాళ్లే ఆపి పిల్లల్ని క్లాసులకు పంపారు.

మార్త:
గుండ్లకమ్మ అన్నా, మీరు కథను 2022లో ఆపేశారు. నేను తర్వాతది చెబుతాను.

అనాహైమ్‌లో ఒప్పుకున్న వాటిలో ముఖ్యమైనది, దోషులుగా తేలిన వాళ్ల పేర్లు ఎవరైనా చూసుకునే వెబ్‌సైటు. పేర్లు ఎక్కలేదు. 2025 ఫిబ్రవరిలో కార్యనిర్వాహక సంఘం అధ్యక్షుడే, ప్రస్తుతానికి దాని మీద దృష్టి పెట్టడం లేదని చెప్పారు. కట్టు మార్చారు, పుండు కడగలేదు.

ఇంకొకటి. ఆడవాళ్లు పాస్టర్లుగా ఉన్నందుకు సాడిల్‌బ్యాక్ అంత పెద్ద సంఘాన్ని 2023లో బయటికి పంపడానికి ఇదే వ్యవస్థకు నియమాలు, కమిటీలు, ఓట్లు అన్నీ దొరికాయి. అప్పుడు "ప్రతి సంఘమూ స్వతంత్రం" అన్న మాట అడ్డు రాలేదు. వేధించిన మగ పాస్టరు విషయంలోనే అడ్డొస్తోంది. అమెరికా వాక్యం వేరు, మన వాక్యం వేరు కాదు కదా. మన సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్లు 2013లోనే నంద్యాలకు పుష్పలలిత గారిని బిషప్పుగా అభిషేకించుకున్నారు. ఆకాశమేమీ విరిగి పడలేదు.

పన్నులు వసూలు చేసే జక్కయ్య ఇంటికి రక్షణ వచ్చిందని ప్రభువు ఎప్పుడన్నాడు? నాలుగింతలు తిరిగి ఇస్తానని అందరి ముందూ లేచి నిలబడి చెప్పాక. క్షమాపణ తీర్మానంతో ఇల్లు చేరిన రక్షణ కాదది.

గుండ్లకమ్మ:
మార్త అక్కా, వెబ్‌సైటు విషయంలో మీ మాట నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను. అది మాట తప్పడమే. కానీ నేను ఆశ పెట్టుకున్నది కార్యనిర్వాహక సంఘం మీద కాదు. కార్డులు ఎత్తిన చేతుల మీద. 2024లో ఇండియనాపొలిస్‌లో ఆడవాళ్ల విషయంలో నియమాలు ఇంకా బిగించే సవరణ పెడితే, సగానికి పైగా ఓట్లు పడ్డాయి గానీ మూడింట రెండు వంతులు రాలేదు, వీగిపోయింది. ఆ సవరణకు ఓటేయని వాళ్లందరూ మీతో ఏకీభవిస్తారని అనను. కానీ అక్కడ జనం చెప్పినదానికల్లా తల ఊపడం మానేశారు. అదే పునాది.

బెరయ:
2024లో వాళ్ల బాప్తిస్మాలు రెండున్నర లక్షలు దాటాయి, అప్పటికి కొన్నేళ్లుగా పెరుగుతూ వచ్చాయి. అది కూడా చెప్పడం న్యాయం. కారణం ఏదైనా, పిల్లలు వెనక్కి వస్తే నాకు సంతోషమే. నా బాధల్లా మన దగ్గరిది. సదరన్ బాప్టిస్టులకు కనీసం మహాసభ ఉంది, లేచి తీర్మానం పెట్టే మైకు ఉంది. మన స్వతంత్ర సంఘాల్లో ఎంతో చోట్ల స్థలం పాస్టరు గారి పేరు మీద, ట్రస్టులో పాస్టరమ్మ, వాళ్లబ్బాయి. తర్వాతి కాపరి ఎవరో అందరికీ ముందే తెలుసు. అక్కడ ఓటు కార్డు ఎవరు ఎత్తాలి?

ఆలివ్ కొమ్మ:
ప్రార్థన లేకుండా కమిటీలతో ఉజ్జీవం రాదు బెరయ గారూ. ఆ టెనెసీ పాస్టరు లేచి నిలబడటానికి ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందనుకుంటున్నారు?

మార్త:
ప్రార్థన వద్దని ఎవరన్నారు చెల్లీ. రూమ్మేట్‌ని ద్వేషించానని ఒప్పుకున్న అమ్మాయికి అక్కడ మైకు దొరికింది. తన మీద చెయ్యి వేసిన పెద్దమనిషి గురించి చెప్పాలనుకున్న అమ్మాయికి మన కూటాల్లో మైకు దొరుకుతుందా? దొరికిన రోజున నేనూ మీతో కలిసి చప్పట్లు కొడతాను.

పినాకిని:
అందరికీ కృతజ్ఞతలు. మా సంగతి ఒకటి చెబుతాను. మాది స్వతంత్ర సంఘమే, డెబ్భై ఎనభై కుటుంబాలు. కిందటేడు కొందరు యువకులు అయ్యగారిని అడిగి, ప్రతి ఆదివారం కానుకల మొత్తం, ఆ వారం ఖర్చు తెల్లకాగితం మీద రాసి గుమ్మం పక్కన నోటీసు బోర్డుకు అంటించడం మొదలుపెట్టారు. లెక్కపెట్టేది ఇద్దరు, ఇద్దరూ సంతకం పెట్టాలి, ఇద్దరూ అయ్యగారి బంధువులు కాకూడదు. మొదట్లో ఆయన నొచ్చుకున్నారు. ఇప్పుడు ఏదైనా వారం కాగితం లేటైతే ఆయనే అడుగుతున్నారు. ముసలమ్మలు కళ్లజోడు సర్దుకుని మరీ చదువుతారు. ఇంతకుముందు దీన్ని ఉజ్జీవం అనే కోణంలో నేను ఆలోచించలేదు.

మార్త:
చాలా సంతోషం తమ్ముడూ. అదే బోర్డు మీద, ఆడపిల్లకు ఏదైనా ఇబ్బంది వస్తే చెప్పుకోవడానికి ఇద్దరు స్త్రీల ఫోన్ నంబర్లు కూడా రాయించండి. అందులో ఒకరు మీ సంఘం బయటి వాళ్లయి ఉండాలి. పాస్టరమ్మ గారి నంబరు మాత్రం పెట్టకండి.

పినాకిని:
ఈ ఆదివారం పెద్దల మీటింగు ఉందక్కా. అడుగుతాను. అయ్యగారు ఏమంటారో ఇక్కడే రాస్తాను.